చేట కాడ కలుద్దామన్న రోజు

నేను రిటైరయ్యాక కూడా మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వస్తే, కాఫీ చల్లారేలోపు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. అన్నేళ్లు ఆ మెరకల్లో తిరిగారు కదా మేడమ్, పాములంటే భయం వేయలేదా అని. ఎందుకు వేయదు? పాములంటే వేసింది, తేళ్లంటే వేసింది, ఇసుకలో ఎలుగుబంటి కాలి గుర్తు కనిపిస్తే ఆ రోజంతా వేసింది. ఆకు అల్లాడినా ఉలిక్కిపడే జాతి నాది. కానీ ఉద్యోగం మొత్తం మీద ప్రాణం పోయేంత భయం వేసింది ఒక్కసారే. ఆ రోజు నన్ను భయపెట్టింది గడ్డి. నవ్వకండి, చెబుతాను.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి. ఆత్మకూరు దాటి నల్లమల వైపు పోతుంటే, అడవి మొదలు కాకముందు గులకరాళ్ల మెరకలు వస్తాయి. కంటికి బల్లపరుపుగా కనిపిస్తాయి గానీ ఉందా లేదా అన్నట్టు వాలు ఉంటుంది. అక్కడ గడ్డీ పొదలూ నేలంతా సమంగా పరుచుకొని ఉండవు. ఒక గుబురు, తర్వాత ఇల్లు కట్టుకునేంత బోడి నేల, మళ్లీ గుబురు. పైనుంచి తీసిన ఫొటోలో చూస్తే ఎవరో పనిగట్టుకొని చారలు చారలుగా నాటినట్టు ఉంటుంది. ఎవరూ నాటలేదు, నీళ్లే అలా నాటాయి. అక్కడ వాన ఎప్పుడో వస్తుంది, వచ్చినప్పుడు దబదబా కొట్టి పోతుంది. బోడి నేల పైన పెచ్చు కట్టి ఉంటుంది కాబట్టి నీళ్లు ఇంకవు, కిందికి జారతాయి. ఇంటి కప్పు మీద పడ్డ వాన కింద తొట్టిలోకి చేరినట్టు, ఆ నీళ్లన్నీ కింది గుబురుకు చేరతాయి. అంటే మీరు ఉత్తిదని అనుకునే ఆ బోడి నేల వల్లే గుబురు బతుకుతుంది.

గుబురు పై అంచుకు నీళ్లు ముందుగా అందుతాయి కాబట్టి అక్కడ కొత్త పిలకలు వస్తాయి. కింది అంచుకు మిగిలేదేమీ ఉండదు, అది ఎండుతుంది. పైన మొలుస్తూ కింద చస్తూ గుబురు మొత్తం ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకుతుంది. వానలు మరీ తగ్గితే పాకే ఓపిక కూడా ఉండదు. మధ్యలో తెగిపోయి చారలు కాస్తా చుక్కలవుతాయి. చుక్కల తర్వాత ఏమవుతుందో కూడా మా పుస్తకాల్లో ఉంది గానీ, ఆ పేజీ దగ్గర మేమెవరం ఎక్కువసేపు ఆగేవాళ్లం కాదు. మా నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని చేశాడు. ఏమీ మొలవని నేల ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడే చూశాను.

మేం ఏటా ఆ గుబుర్లను కొలిచేవాళ్లం. ఏది ఎంత పెరిగింది, ఎక్కడ తెగింది, ఎంత దూరం జరిగింది అని. వాటికి నంబర్లు ఉండేవి కానీ ఆ నంబర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. ఆఫీసు గోడకు అతికించిన పాత ఉపగ్రహ ఫొటోలో వాటి ఆకారాలు చూసి, వంటింటి సామాన్ల పేర్లు పెట్టుకున్నాం. చేట, అట్లకాడ, రోకలి, విస్తరి. ఈ పేర్లన్నీ పెట్టింది అన్న.

అన్న అంటే నాకంటే శానా సీనియరు. ఆఫీసంతా ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం. ప్రొద్దుటూరులో కిరాణా దుకాణం వాళ్ల బిడ్డ. తమ్ముళ్లంతా గల్లాపెట్టెల ముందు కూర్చుంటే ఈయన గడ్డి కోసి తూకం వేసే ఉద్యోగానికి వచ్చాడని చుట్టాలు నవ్వేవాళ్లట. వాళ్లకంటే ముందు ఆయనే నవ్వేవాడు. "మా తమ్ముడు కందిపప్పు తూకమేస్తాండాడు, నేను బోదగడ్డి తూకమేస్తాండా. త్రాసు ఒకటే కదమ్మా" అనేవాడు. ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. ఒంట్లో చక్కెర జబ్బు. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకొని బయల్దేరితే, మధ్యాహ్నం వేళకు అన్నం పడాలి, లేకపోతే చక్కెర పడిపోయి మనిషి తూలిపోతాడు. ఫీల్డుకు పోయే రోజు వాళ్లింటావిడ నాకు ఫోన్ చేసేది. ఆయన మాటల్లో పడితే ఆకలి తెలీదు, నువ్వే తినిపించాల పాపా అని నాకు అప్పజెప్పేది. నేను సరే అక్కా అనేదాన్ని.

ఫీల్డులో మా మాటలన్నీ ఈ పేర్ల మీదే నడిచేవి. రోకలి కాడ మొదలుపెడదాం, విస్తరి కాడ టీ తాగుదాం, చేట కాడ కలుద్దాం. ఒక్క విషయం గమనించండి. గుబుర్లు ఒకచోట ఉండవని, ఆకారం మారుతుంటాయని లోకానికి చెప్పడానికి మాకు జీతాలిచ్చేవాళ్లు. మేమేమో ఆ గుబుర్లనే మైలురాళ్లుగా పెట్టుకొని తిరిగేవాళ్లం. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ అది వింతగా తోచలేదు.

వరసగా వానలు మోసం చేసిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. తొలకరి పడకముందే ఏ గుబురులో ప్రాణం ఉందో చూడాలి, కాబట్టి ఎంత మండినా అప్పుడే పోవాలి. బండిబాట అయిపోయిన చోట జీపు ఆగింది. మా డ్రైవరు కర్నూలు పాత ఊరి మనిషి, జీపు నీడలో దుప్పటి పరుచుకుంటూ, ఈరోజు ఎండ మామూలుగా లేదు, జల్దీ వచ్చేయండి అన్నాడు. అన్న పై వాలులో గుబుర్లు చూడాలి, నేను కింది వాలువి. మధ్యాహ్నం చేట కాడ కలిసి తినాలి. ఆయనకు నడుం నొప్పి కాబట్టి అన్నం క్యారియరూ నీళ్ల క్యానూ నేనే పట్టుకున్నాను. దారి చూపే జీపీఎస్ యంత్రం ఆఫీసు మొత్తానికి ఒకటే, అదీ నా సంచిలోనే ఉంది. ఆయన చేతిలో చిన్న నీళ్ల సీసా, గొడుగు. "చేట కాడ" అని గొడుగు ఊపి పైకి పోయాడు.

నా పని అయ్యాక యంత్రంలో చేట నంబరు నొక్కి, అది చూపించిన దారిన నడిచాను. ఒకచోట బీప్ మంది. వచ్చేశామన్నమాట. ఒక రేగు పొద కింద క్యారియరు పెట్టి కూర్చున్నాను. చాలాసేపు చూశాను. మొదట నాకు వచ్చింది కోపం. ఎక్కడో పశువుల కాపరితో కబుర్లు పెట్టుకొని ఉంటాడు, ఇంటికి పోయాక అక్కతో చెప్పి చీవాట్లు పెట్టిస్తాను అనుకున్నాను. తర్వాత ఫోన్ చేశాను. గంటే మోగలేదు, తెర మీద సిగ్నలు గీత ఒక్కటీ లేదు. ఆ ప్రాంతంలో సిగ్నలు మొదటినుంచీ లేదు, నాకూ తెలుసు, అయినా మళ్లీ మళ్లీ నొక్కాను. అరిచాను. గాలి నా అరుపును అటే ఎత్తుకుపోయింది. అప్పుడు నా చూపు క్యారియరు మీద పడింది. ఆయన అన్నం ఇక్కడుంది, నీళ్లు ఇక్కడున్నాయి, పొద్దున వేసుకున్న సూది మాత్రం ఆయన ఒంట్లో ఉంది.

ఎండకు తాళలేక జీపు దగ్గరికి పోయుంటాడేమోనని పరుగూ నడకా కలిపి అక్కడికి పోయాను. డ్రైవరు లేచి నిలబడ్డాడు. అన్న రాలేదు. హారన్ మోగిస్తూనే ఉన్నాడు, నేను మెరక వైపు చూస్తూనే ఉన్నాను. నేలమీది నుంచి సెగ లేచి గుబుర్లన్నీ నీళ్లలో తేలుతున్నట్టు కదులుతున్నాయి. ఎక్కడా మనిషి లేడు.

"నేను జీపేసుకొని ఊళ్లోకి పోయి నలుగురిని పిల్చకొస్తా. మీరు ఈడనే కూర్చోండి మేడమ్" అన్నాడు డ్రైవరు. "ఒక్కరే పోతే మిమ్మల్ని గూడా ఎతకాల్సొస్తాది."

అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే నాకు మరీ భయం వేసింది. ఊరికి పోయి మనుషుల్ని తేవాలంటే ఎంతసేపవుతుందో తెలుసు. అంతసేపు అన్నం లేకుండా, నీళ్లు లేకుండా ఆయన ఉండలేడనీ తెలుసు. పొమ్మన్నాను. నేను చేట కాడికే పోయి ఉంటాను, ఆయన వస్తే అక్కడికే వస్తాడని చెప్పి, నీళ్ల క్యాను మళ్లీ భుజానికి వేసుకున్నాను.

మళ్లీ అక్కడికి వచ్చాను. ఎవరూ లేరు. కొలతల కోసం ప్రతి గుబురు పక్కనా మేం ఒకేలా పేర్చిన రాళ్లకుప్పల్లో ఇక్కడిది ఎక్కి, చేయి అడ్డం పెట్టుకొని చుట్టూ చూశాను. ఆయన కోసం చూస్తున్నదాన్ని, ఎందుకో నా కాళ్ల కింద ఉన్న గుబురునే చూడటం మొదలుపెట్టాను. అది చేటలా లేదు. మధ్యలో బోడి నేల చొచ్చుకొచ్చి మూడు ముక్కలయింది. ఒక్కో ముక్క వేరే వేరే పొదలా ఉంది. యంత్రం చెప్పింది కాబట్టి ఇది చేట అనుకున్నాను. యంత్రం లేని మనిషి దీని పక్కనుంచే పోయినా ఇది చేట అనుకోడు. చేట ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతాడు.

మరి ఆయనకు ఏది చేటలా కనిపిస్తుంది?

కిందటి వానల తర్వాత ఇద్దరం కలిసి అట్లకాడ చూడటానికి పోయాం. వెడల్పు భాగం పచ్చబడింది గానీ, దాని పిడి మాత్రం ఎక్కడా చిగురించలేదు. అప్పుడు అన్న, అట్లకాడ పిడి ఊడిపాయ, ఇంక దోసె తిరగేసేది ఎట్లమ్మా అన్నాడు. నేను నవ్వాను. ఆ ఏడాది అంతా ఆఫీసులో ఆ మాట చెప్పుకొని నవ్వుకున్నాం. పిడి పోయిన అట్లకాడకు ఏం మిగులుతుంది? ఒక పక్క తిన్నగా, మరో పక్క గుండ్రంగా, వెడల్పు ముక్క. చుట్టూ తిరిగి చూస్తే అచ్చం చేట. ఆయన పనిచేసేది ఆ వాలులోనే. ఆ నవ్విన మనిషే ఎండకు బుర్ర తిరిగి, అక్కడ కూర్చొని నాకోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

అయి ఉంటుందా అంటే, ఏమో. కాకపోతే? నేను అటు పోయాక ఆయన ఇటు వస్తే? నా ఊహ తప్పయితే ఆయనకు అందాల్సిన నీళ్లను నేనే ఇంకా దూరం మోసుకుపోయినట్టు అవుతుంది. అడగడానికి ఎవరూ లేరు. ఆ రాళ్లకుప్ప మీద నిలబడి దేవుళ్లందరినీ తలుచుకున్నాను. మంత్రాలయం వస్తానని రాఘవేంద్రస్వామికి మొక్కుకున్నాను. దిగి, రేగు పొద కింద వదిలిన క్యారియరు కూడా తీసుకొని నడిచాను.

గోడ మీది ఫొటో నాకు కంఠతా వచ్చు. చేట నుంచి నేరుగా పైకి పోతే అట్లకాడ. కానీ పైకి అంటే ఎటు? వాలు కంటికి అందదు. పొద్దు ఇంకా నడినెత్తినే ఉన్నట్టుంది, దాన్ని చూసి దిక్కు తెలియదు. యంత్రం తీస్తే ఎండకు తెర నల్లబడి ఒక్క అంకె కనపడలేదు. ఎటు చూసినా ఒకే రకం గుబురు, ఒకే రకం బోడి నేల. నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగితే రాళ్లకుప్ప ఎటుందో తెలియలేదు. ఏడుపొచ్చింది. డ్రైవరు మాటే చెవిలో మోగుతోంది, మిమ్మల్ని గూడా ఎతకాల్సొస్తాది.

ఇన్నాళ్ల ఉద్యోగం నాకు పనికొచ్చింది ఆ క్షణంలోనే. దగ్గర్లోని గుబురు ముందు మోకాళ్ల మీద కూర్చొని చూశాను. ఒక అంచున దుబ్బులు బూడిద రంగుకు తిరిగి, చేయి వేస్తే పొడి అయిపోయాయి. రెండో అంచున చిన్న చిన్న పిలకలున్నాయి. ఎండినవే, కానీ మొదట్లో గిల్లితే పచ్చి ఉంది. చచ్చిన అంచు కింద, బతికిన అంచు పైన. చచ్చినదాన్ని వీపు వెనక పెట్టుకొని, బతికిన వైపు నడవాలి. తర్వాతి గుబురు దగ్గర మళ్లీ కూర్చున్నాను, మళ్లీ చూశాను, మళ్లీ నడిచాను. బోడి నేల దాటేటప్పుడు చెప్పుల్లోంచి కాళ్లు కాలేవి. నా దాహానికి క్యాను మూత తీయబోయి మళ్లీ బిగించాను. కొన్ని గుబుర్లకు బతికిన అంచే లేదు. అన్ని వైపులా బూడిద. అలాంటివి ఎదురైనప్పుడల్లా, దారి పోయిందన్న భయం కంటే ఇంకోటేదో పెద్ద భయం పట్టుకునేది. దాని గురించి ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

పెద్ద బలుసు పొద ఒకటి కనిపించింది. దాని కింద నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. ఎలుగు.

ఆగిపోయాను. నా పిరికితనం మీకు చెప్పాను కదా, అది ఆ నిమిషంలో నిజంగానే నన్ను వెనక్కి లాగింది. ఎలుగుబంటి మధ్యాహ్నం పొద నీడన పడుకుంటుందని, కదిలిస్తే మీదికి వస్తుందని అందరూ చెప్పేవాళ్లే. "అన్నా" అన్నాను. ఇంకోసారి అన్నాను. ఆ నలుపు కదల్లేదు. అది గొడుగైనా కదలదు, నిద్రపోయే ఎలుగైనా కదలదు. ఒక్కో అడుగే వేసుకుంటూ పోయాను. దగ్గరికి వచ్చాక గొడుగు కమ్మీ మెరిసింది.

గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఆయన వెల్లకిలా పడున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ నన్ను గుర్తుపట్టలేదు. నాయనా, ఇంక దుకాణం మూయి అంటున్నాడు. నాకు తెలిసి ఆయన ఎన్నడూ వాళ్ల నాయన ఊసు ఎత్తలేదు. క్యారియరు పైగిన్నెలో మా అమ్మ పెట్టిన శనగబెల్లం ఉండలున్నాయి. ఒకటి అరచేతిలో నలిపి, నీళ్లతో కలిపి, వేలితో కొంచెం కొంచెం నోట్లో పెట్టాను. మింగుతాడా మింగడా అని ఆ గొంతునే చూస్తూ కూర్చున్నాను. మింగాడు. ఇంకొంచెం పెట్టాను. తడిగుడ్డ నుదుటి మీద వేశాను. గొడుగు తెరిచి బలుసు పొద మీద ఎత్తుగా కట్టాను, వచ్చేవాళ్లకు కనపడాలని.

చాలాసేపటికి ఆయన చూపు నిలబడింది.

"యాడికి పోయింటివమ్మా" అన్నాడు. "చేట కాడికి రమ్మంటి కదా. నేను ఈడనే ఉండా."

"ఇది చేట కాదన్నా. అట్లకాడ."

ఆయన నావైపు కోపంగా చూశాడు. తర్వాత మోచేతి మీద లేచి, అటూ ఇటూ, మెల్లగా చూశాడు. పొద దాటి కింది వైపుకు, పిడి ఉండాల్సిన వైపుకు చూశాడు. అక్కడ ఒట్టి గులకరాళ్లు. చావు అంచున ఉన్నప్పుడు కూడా లేని భయం అప్పుడు ఆ ముఖంలోకి వచ్చింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

"పిడి యాడమ్మా?" అన్నాడు.

పిడి ఊడిపోయిందని మొదట నవ్వించింది ఆయనే. పెరుగన్నం కలిపి పెట్టాను, చిన్నపిల్లాడిలా తిన్నాడు.

పొద్దు వాలేటప్పటికి డ్రైవరు ఊరివాళ్లతో వచ్చాడు. గొడుగు చూసే వచ్చామన్నాడు. ఆయన్ని మంచం మీద మోసుకొని జీపుదాకా తెచ్చారు. ఆత్మకూరులో సెలైను ఎక్కించి, అక్కడినుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు. వాళ్లింటావిడ నా చేయి పట్టుకొని వదల్లేదు. కొన్నాళ్లకు కోలుకొని ఆఫీసుకు వచ్చాడు. వచ్చిన రోజే గోడ మీది పాత ఫొటో ముందు నిలబడి, ఇదంతా పీకేయండప్పా, ఈ పేర్లు నేను పెట్టినవే, నేనే కొట్టేస్తాండా అన్నాడు. మా పెద్ద సారు ఫీల్డులో నాలుగుచోట్ల బండరాళ్లకు సున్నం కొట్టించాడు. ఇకమీదట కలిస్తే రాయి దగ్గరే కలవాలని ఆర్డరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆకులైతే పట్టుకున్నాం.

ఆ ఏడాది మా రిపోర్టులో అట్లకాడ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, కొంత భాగం నశించిందని. ఆ వాక్యం రాసింది నేనే, తప్పేమీ లేదు అందులో. భయపడ్డామని రాయడానికి రిపోర్టులో కాలమ్ ఉండదు. మీలో ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఇంటి దారి గుర్తుపట్టినట్టు ఒక నేలను గుర్తుపట్టలేకపోయిన రోజున, మీ కళ్లను అనుమానించే ముందు నేలకేమైందో చూడండి.

మొన్నామధ్య ఆఫీసు పిల్లలు ఫోన్‌లో ఒక ఫొటో పంపారు. డ్రోన్‌తో తీసిందట. పాత పేర్లు మీకే తెలుసు కదా మేడమ్, ఏది ఏదో చెప్పండి అన్నారు. వేళ్లతో పెద్దది చేసి చూశాను. చారలు లేవు. చుక్కలున్నాయి, అవీ దూరం దూరంగా. రోకలి దొరకలేదు, విస్తరి దొరకలేదు. సున్నం కొట్టిన రాళ్లను బట్టి లెక్కేసుకుంటూ అట్లకాడ ఉండాల్సిన చోటికి వచ్చాను. గడ్డి లేదు, బలుసు పొద లేదు. నా వేలి కింద ఎర్రటి నేల తప్ప ఏమీ లేదు. ఫోన్ బల్ల మీద పెట్టేశాను. ఇంట్లో, ఫ్యాను కింద, ఆ రోజు రాళ్లకుప్ప మీద పట్టిన భయమే మళ్లీ పట్టింది.

అన్న ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటాడు. కాళ్లు సరిగా ఆడవు గానీ మాట మాత్రం అలాగే ఉంది. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి ఫోన్ చేశాను. ఫొటోలో చూసింది చూసినట్టు చెప్పాను. ఈ మనిషి దేనికైనా ఒక నవ్వుమాట వేస్తాడు, దీనికీ వేస్తాడేమోనని ఎదురుచూశాను. వేయలేదు.

"అయితే నేను పండుకున్న తావు ఇప్పుడు ఎండలోనే ఉండాదా?" అని అడిగాడు.

"ఉండాదన్నా" అన్నాను.